మేఘనాద్ సాహా ఎన్నికల్లో ఎందుకు నిలబడ్డాడు?

ఫోన్‌లో జాతకం వేసే యాప్ ఏదైనా తెరిచి సెట్టింగుల్లోకి వెళ్తే ‘అయనాంశ’ అని ఒక వరస కనిపిస్తుంది. రుతువుల లెక్కకీ నక్షత్రాల లెక్కకీ మధ్య ఎన్ని డిగ్రీల తేడా ఉందో చెప్పే అంకె అది. చాలావాటిలో మనం ముట్టుకోకముందే అక్కడ ‘లాహిరి’ అని పెట్టి ఉంటుంది. ఆ లాహిరి పూర్తి పేరు నిర్మల్ చంద్ర లాహిరి. 1952లో కేంద్ర ప్రభుత్వం వేసిన పంచాంగ సంస్కరణ సంఘానికి ఆయన కార్యదర్శి. సంఘం అధ్యక్షుడేమో జాతకాల పేరెత్తితే మండిపడే నాస్తికుడు. నక్షత్రాల వేడికి పరమాణువులు ఏమవుతాయో లెక్క తేల్చిన భౌతిక శాస్త్రవేత్త. అప్పటికి లోక్‌సభ సభ్యుడు కూడా. పేరు మేఘనాద్ సాహా.

శాస్త్రవేత్త రాజకీయాల్లోకి రావడమంటే మన దగ్గర ఒక రెడీమేడ్ కథ ఉంది. ల్యాబులో పేరు తెచ్చుకుంటాడు, ఆ పేరు చూసి పార్టీ పిలుస్తుంది, టికెట్టో పదవో ఇస్తుంది, ఆయన పరిశోధన పక్కన పెట్టి కారెక్కుతాడు. సాహాది ఆ కథ కాదు. తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. దేశ విధానాల మీద ఆయన మాట బాగా చెల్లింది ఏ పదవీ లేని రోజుల్లో, సుమారుగా 1938 నుంచి 1947 దాకా. ఎంపీ అయింది 1952లో. అంటే అధికారానికి దగ్గరైనప్పుడు కాదు, ఆ తలుపులు ఒక్కొక్కటే మూసుకున్నాక.

రాజకీయం ఆయనకి నడివయసులో అంటిందీ కాదు. 1893లో ఢాకా దగ్గర సేవరాతలి అనే పల్లెలో పుట్టాడు. తండ్రిది చిన్న కిరాణా కొట్టు. ఎనిమిది మంది పిల్లల్లో ఈయన ఐదోవాడు. ఊళ్లో ప్రైమరీ బడి తర్వాత చదువు లేదు. చదివించే స్తోమత తండ్రికి లేదు, కొట్లో కూర్చోబెట్టాలని ఆయన ఆలోచన. దూరంగా ఇంకో ఊళ్లో ఒక డాక్టరుగారు తన ఇంట్లో ఉంచుకుని చదివించడానికి ఒప్పుకున్నాడు. షరతు ఏమిటంటే, కుర్రాడు తిన్న పళ్లెం తనే కడుక్కోవాలి, ఇంటి ఆవుని చూసుకోవాలి. పళ్లెం తనే కడుక్కోవాలన్న షరతులో కులం ఉందని మనవాళ్లకి విడమరిచి చెప్పనక్కర్లేదు.

అక్కడ బాగా చదివి స్కాలర్‌షిప్పు మీద ఢాకా కాలేజియేట్ స్కూల్లో చేరాడు. అది 1905, బెంగాల్‌ని రెండు ముక్కలు చేసిన సంవత్సరం. లెఫ్టినెంట్ గవర్నర్ ఫుల్లర్ బడి చూడటానికి వచ్చినప్పుడు నిరసనలో ఉన్నాడని సాహాని బయటికి పంపేశారు. స్కాలర్‌షిప్పూ పోయింది. అప్పటికి పన్నెండేళ్లు. ఇంకో బడిలో చేరి, 1909 ఎంట్రన్సు పరీక్షలో తూర్పు బెంగాల్‌కే ఫస్టు వచ్చాడు.

కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో సత్యేంద్రనాథ్ బోస్ క్లాస్‌మేట్. జగదీశ్ చంద్ర బోస్, ప్రఫుల్ల చంద్ర రాయ్ మేష్టర్లు. బీఎస్సీలోనూ ఎమ్మెస్సీలోనూ సత్యేన్ బోస్ ఫస్టు, సాహా సెకండు. హాస్టల్లో మాత్రం పై కులాల కుర్రాళ్లు ఆయన్ని పంక్తిలో కూర్చోనివ్వలేదు, సరస్వతీ పూజ దగ్గరకీ రానివ్వలేదు. చదువుల తల్లి పూజకి చదువులో సెకండు వచ్చేవాడు పనికిరాలేదు! చదువయ్యాక ఫైనాన్స్ సర్వీసు పరీక్ష రాద్దామనుకుంటే విప్లవకారులతో సంబంధాలున్నాయని ప్రభుత్వం అనుమతివ్వలేదు. ఇచ్చి ఉంటే అకౌంట్లు చూసుకునే ఒక పెద్ద ఆఫీసరు దొరికేవాడు, అంతే.

1920లో వచ్చిన పరిశోధన గురించి నాలుగు ముక్కలు చెప్పుకోవాలి, ఎందుకంటే తర్వాత ఆయన మాటకి వచ్చిన బరువంతా దానిదే. నక్షత్రం వెలుగుని పట్టకంతో విడదీస్తే రంగుల మధ్య నల్లటి గీతలు కనిపిస్తాయి. ఒక్కో మూలకానికి ఒక్కో రకం గీతలు. కొన్ని నక్షత్రాల్లో కాల్షియం గీతలు గట్టిగా ఉంటాయి, కొన్నిట్లో హైడ్రోజన్‌వి, కొన్నిట్లో హీలియంవి. హార్వర్డ్‌లో లక్షల నక్షత్రాలని ఇలా చూసి తరగతులుగా పేర్చారు. ఈ తేడా ఎందుకన్నది మాత్రం తేలలేదు. సరుకే వేరా?

సరుకు వేరు కాదు, వేడి వేరు అన్నాడు సాహా. ఒకే పిండి, పెనం కాక మారితే అట్టు రంగు మారినట్టు. వేడి పెరిగేకొద్దీ పరమాణువు ఒక ఎలక్ట్రాన్‌ని వదిలేస్తుంది. వదిలేసిన పరమాణువు గీతలు వేరు. రెండో సంగతి పీడనం. తిరునాళ్లలో చెయ్యి జారిన పిల్లాణ్ణి చుట్టూ జనం ఉంటే ఎవరో ఒకరు పట్టుకుంటారు, ఖాళీ మైదానంలో అయితే ఎటో వెళ్లిపోతాడు. పీడనం తక్కువున్న చోట ఎలక్ట్రాన్ తిరిగి దొరకడం కష్టం. ఈ రెంటినీ కలిపి ఒక సమీకరణం రాశాడు. ఇంత వేడి, ఇంత పీడనం ఉంటే ఎన్ని పరమాణువులు ఎలక్ట్రాన్‌ని పోగొట్టుకుంటాయో అది చెబుతుంది. సూర్యుడిలో రుబీడియం గీతలు ఎందుకు కనపడవో చెప్పి, కాస్త చల్లగా ఉండే సూర్యమచ్చల్లో వెతకమన్నాడు. అమెరికాలో హెన్రీ నోరిస్ రస్సెల్ వెతికితే దొరికాయి. 1925లో సిసీలియా పేన్ ఇదే సమీకరణం పట్టుకుని నక్షత్రాల్లో ఎక్కువ భాగం హైడ్రోజనేనని చూపించింది.

1927లో రాయల్ సొసైటీ ఫెలో. 1923 నుంచి 1938 దాకా అలహాబాద్ యూనివర్సిటీలో ప్రొఫెసరు. 1930 దాకా దంతపు మేడలోనే ఉన్నానని తర్వాత ఆయనే అన్నాడు. నిజానికి ఆ మేడలోకి వరద నీళ్లు ముందునుంచీ వస్తూనే ఉన్నాయి. తూర్పు బెంగాల్ పిల్లాడు, వానాకాలం వస్తే పడవ మీద బడికి పోయినవాడు. 1922 ఉత్తర బెంగాల్ వరదల్లో ప్రఫుల్ల చంద్ర రాయ్ నడిపిన సహాయ సంఘంలో పనిచేశాడు. అక్కడే సుభాష్ చంద్ర బోస్ కలిశాడు. ఆ పరిచయం పదహారేళ్ల తర్వాత పనికొచ్చింది.

1935లో ‘సైన్స్ అండ్ కల్చర్’ పత్రిక పెట్టి నదుల మీద, కరెంటు మీద, పరిశ్రమల మీద రాయడం మొదలుపెట్టాడు. 1938లో సుభాష్ బోస్ కాంగ్రెస్ అధ్యక్షుడయ్యాక సాహా ఆయన్ని నలుగురిలో నిలబెట్టి అడిగాడు: రేపటి భారతం ఎడ్లబండి మీద పోతుందా, పరిశ్రమలు పెట్టుకుంటుందా? ఆ ఏడాదే జాతీయ ప్రణాళికా సంఘం ఏర్పడింది. అధ్యక్షుడిగా మొదట అనుకున్నది విశ్వేశ్వరయ్యని, 1908 మూసీ వరద తర్వాత హైదరాబాద్‌కి గండిపేట చెరువు డిజైన్ చేసిన ఇంజనీరుని. పని జరగాలంటే కాంగ్రెస్‌లో పలుకుబడి ఉన్నవాడు కావాలని సాహా పట్టుబట్టి, పెద్దాయన్ని ఒప్పించి, నెహ్రూని కూర్చోబెట్టాడు. ఇది రాజకీయం కాక ఇంకేమిటి? ఒక్క ఓటు అడగకుండా చేసిన రాజకీయం.

దామోదర్ నది సంగతీ అంతే. 1943లో గట్టు తెగి వరద వచ్చింది. యుద్ధం మధ్యలో కలకత్తాకి రైలు, రోడ్డు తెగిపోయాయి. విచారణ సంఘంలో సాహా సభ్యుడు. అమెరికాలో టెనెస్సీ నదికి చేసినట్టు మొత్తం నదీలోయకి ఒకే సంస్థ ఉండాలని వాదించాడు. అప్పుడు వైస్రాయ్ కౌన్సిల్లో కార్మిక శాఖ చూస్తున్న అంబేద్కర్ ఆ పనిని ముందుకు నడిపాడు. 1948లో దామోదర్ వ్యాలీ కార్పొరేషన్ వచ్చింది. డ్యాములంటే ఆయనకున్న నమ్మకం ఇవాళ చదివితే కాస్త ఎక్కువే అనిపిస్తుంది. మునిగిపోయే సంతాలీ ఆదివాసీల ఊళ్ల వైపు ఆ తరం మేధావులెవరూ పెద్దగా చూడలేదు, ఈయనా అంతే.

ఇంతవరకూ బండి బాగానే నడిచింది. చిక్కంతా స్వాతంత్ర్యం తర్వాత.

భారతదేశంలో పరమాణు కేంద్రక భౌతిక శాస్త్రాన్ని ఎమ్మెస్సీ పాఠంగా పెట్టినవాళ్లలో సాహా ముందువరసలో ఉన్నాడు. కలకత్తాలో సైక్లోట్రాన్ (పరమాణు కణాలని వేగంగా పరిగెత్తించే యంత్రం) కట్టడానికి తన శిష్యుణ్ణి బర్క్‌లీ పంపించి, సామాన్లు తెప్పించాడు. వాక్యూమ్ పంపులు వేసుకుని వస్తున్న ఓడని యుద్ధంలో జపాన్ వాళ్లు ముంచేశారు. అయినా పట్టు వదల్లేదు. 1950 జనవరిలో కలకత్తా అణుభౌతిక సంస్థని ఐరీన్ జోలియో క్యూరీ చేతుల మీదుగా ప్రారంభింపజేశాడు.

ఈలోగా బొంబాయిలో ఇంకో భౌతిక శాస్త్రవేత్త హోమీ భాభా ఇంకో దారి వేశాడు. సంపన్న పార్సీ కుటుంబం, కేంబ్రిడ్జి చదువు, టాటాలతో చుట్టరికం, నెహ్రూతో స్నేహం. 1948 ఏప్రిల్‌లో నెహ్రూకి ఒక నోట్ రాశాడు: ముగ్గురు మనుషుల చిన్న కమిషన్ చాలు, అది నేరుగా ప్రధానికి మాత్రమే జవాబు చెప్పాలి. అలాగే జరిగింది. ఆ ఏడాది అణుశక్తి చట్టం వచ్చింది, ఆగస్టులో కమిషన్ వచ్చింది: భాభా, శాంతి స్వరూప్ భట్నాగర్, కె.ఎస్.కృష్ణన్. సాహా లేడు. పైగా సాహా సంస్థకి వచ్చే డబ్బులో కొంత ఆ కమిషన్ చేతుల మీదుగా రావాలి.

దీన్ని ఇద్దరు పెద్దమనుషుల అహాల గొడవగా చెప్పేవాళ్లున్నారు. అహం లేదని నేనూ అనను. కిరాణా కొట్టు నుంచి వచ్చినవాడికి, బంగళా నుంచి వచ్చినవాడికి మధ్య ఆ మాత్రం ఉంటుంది. కానీ వాదన వేరే. ముందు యూనివర్సిటీల్లో మనుషులని తయారుచేయాలి, పరిశ్రమలు నిలబడాలి, ఆ తర్వాతే అణు కమిషన్ అన్నాడు సాహా. ముందు సంస్థ కడదాం, మనుషులు దాని చుట్టూ తయారవుతారు అన్నాడు భాభా. బాంబు ఆలోచనే లేదంటున్న దేశంలో ఇంత రహస్యం ఎందుకన్నది సాహా రెండో ప్రశ్న. ఇందులో సాహా మాట కొన్నిచోట్ల నిలకడగా లేదు. 1948లో తొందరెందుకన్నాడు, కొన్నేళ్లకి ఇంత ఆలస్యమా అన్నాడు. యూనివర్సిటీ ఒకవైపు, పరిశోధన సంస్థ ఇంకోవైపు అయిపోతాయన్న భయం మాత్రం నిజమైంది. ఆ గోడ ఇప్పటికీ ఉంది. మంచి ప్రొఫెసర్ల దగ్గర పరికరాలుండవు, మంచి పరికరాలున్నచోట డిగ్రీ పిల్లలుండరు.

1950లో ప్రణాళికా సంఘం ఏర్పడింది. నెహ్రూ అధ్యక్షుడు. పన్నెండేళ్ల క్రితం ఆయన్ని అలాంటి కుర్చీలో కూర్చోబెట్టిన సాహాకి అందులో చోటు లేదు. గాంధేయ గ్రామీణ ఆర్థిక విధానాన్ని ఎద్దేవా చేసిన మనిషి, నదుల దగ్గర్నుంచి అణువు దాకా ప్రతిదాని మీదా పత్రికలో సంపాదకీయాలు రాసే మనిషి కమిటీల్లో ఇమడటం కష్టమే. నోరు కాస్త కట్టుకుని ఉంటే పిలిచేవారేమో. కట్టుకోలేదు.

మిగిలింది ఎన్నిక. 1952 మొదటి సాధారణ ఎన్నికల్లో కలకత్తా నార్త్‌వెస్ట్ స్థానంలో వామపక్షాల మద్దతుతో నిలబడ్డాడు. ఏ పార్టీ చెప్పినట్టల్లా ఆడే రకం కాదని మద్దతిచ్చినవాళ్లకీ తెలుసు. చేతిలో డబ్బు లేదు. విద్యార్థులు చదివే తన ఉష్ణశాస్త్రం పాఠ్యపుస్తకం పబ్లిషర్‌ని 5,000 రూపాయలు అడ్వాన్సు అడిగాడు. థర్మోడైనమిక్స్ అమ్మిన డబ్బుతో ఎన్నిక! కాంగ్రెస్ అభ్యర్థి ప్రభుదయాళ్ హిమ్మత్‌సింకా మీద గెలిచాడు.

ఎందుకొచ్చావని అడిగితే, ఇవాళ్టి పరిపాలనకి శాంతిభద్రతలు ఎంత ముఖ్యమో సైన్సూ అంతే ముఖ్యమని, దేశానికి తనకి చేతనైనంత ఉపయోగపడదామనే మెల్లగా రాజకీయాల్లోకి జారానని చెప్పుకున్నాడు. ‘జారాను’ అన్నమాట బాగుంది. దూకలేదు.

ఎంపీగా ఆయన చేయగలిగింది ఏమిటి? ప్రశ్నలడగడం. తూర్పు బెంగాల్ నుంచి వచ్చిపడిన శరణార్థుల గురించి అడిగాడు. ఆయన పుట్టిన ఊరు ఇప్పుడు వేరే దేశం, వచ్చినవాళ్లలో ఆయన మనుషులే ఎక్కువ. మొదటి పంచవర్ష ప్రణాళికలో భారీ పరిశ్రమకి పెట్టిన డబ్బు చాలదన్నాడు. 1954 మే 10న అణుశక్తి మీద లోక్‌సభలో చర్చ లేవనెత్తాడు. జవాబిచ్చింది నెహ్రూయే. చర్చ జరిగింది, రికార్డుకెక్కింది. ఆగస్టులో అణుశక్తి విభాగం ఏర్పడింది, అధిపతి భాభా, పైన ప్రధాని. చర్చ వల్ల వెంట్రుకంత మార్పు రాలేదు.

గమనించాల్సిందిక్కడే. భాభా ఏ ఎన్నికలోనూ నిలబడలేదు. సాహాకి కాలేజీలో ఒక ఏడాది సీనియర్ అయిన గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ కూడా నిలబడలేదు, అయినా రెండో పంచవర్ష ప్రణాళిక నమూనా ఆయనదే. భారీ పరిశ్రమ కావాలని సాహా గొంతు చించుకున్నదే అందులోకి వచ్చింది, సాహా లేకుండా. శాస్త్రవేత్తలకి అధికారం నామినేషన్ల తలుపు నుంచి వచ్చింది. ఓట్ల తలుపు నుంచి వెళ్లినాయన ప్రతిపక్షంలో కూర్చున్నాడు. మన కె.ఎల్.రావుని చూడండి. నాగార్జునసాగర్‌కి పనిచేసిన ఇంజనీరు, 1962లో విజయవాడ నుంచి కాంగ్రెస్ ఎంపీగా గెలిచి కేంద్రంలో నీటిపారుదల మంత్రి అయ్యాడు. ఆయనకి ఓటూ పదవీ ఒకే గుమ్మం నుంచి వచ్చాయి, ఎందుకంటే గుమ్మం అధికార పార్టీది.

ప్రభుత్వం సాహాకి పూర్తిగా అప్పగించిన పని ఒక్కటే, పంచాంగం. అది చిన్న పనేం కాదు. దేశంలో అప్పటికి ముప్ఫై రకాల పంచాంగాలు వాడుకలో ఉన్నాయి. ఒకే పండుగ ఒక ఊళ్లో ఇవాళ, పక్క ఊళ్లో రేపు. మన దగ్గర ఆకాశంలో కనిపించేదాన్ని బట్టి లెక్కేసే దృక్సిద్ధాంతం వాళ్లు, పాత గ్రంథాల లెక్కే పట్టుకున్న పూర్వసిద్ధాంతం వాళ్లు ప్రతి ఏడాదీ టీవీలో కొట్టుకుంటారే, ఆ గొడవ మూలం సాహా సంఘం నివేదిక చదివితే అర్థమవుతుంది.

సంక్రాంతినే తీసుకోండి. ఉత్తరాయణ పుణ్యకాలం అంటాం. సూర్యుడు ఉత్తరానికి తిరిగేది డిసెంబర్ 21, 22 ప్రాంతంలో. మనం ముగ్గులు వేసేది జనవరి 14న. దాదాపు 23 రోజులు తేడా. ఎందుకు? సూర్యసిద్ధాంతం అనే పాత జ్యోతిష గ్రంథం ప్రకారం ఏడాది నిడివి 365.258756 రోజులు. రుతువులు తిరిగొచ్చే అసలు ఏడాది 365.2422 రోజులు. తేడా ఏడాదికి 24 నిమిషాల లోపే, కానీ అరవై ఏళ్లకి ఒక రోజు అవుతుంది. 1400 ఏళ్లు పోగేస్తే 23 రోజులు. వివేకానందుడు సంక్రాంతి నాడు పుట్టాడు, అది 1863 జనవరి 12. ఇప్పుడు మన పండుగ 14, ఒక్కోసారి 15. ఇలాగే వదిలేస్తే కొన్ని వేల ఏళ్లకి సంక్రాంతి వేసవిలో వస్తుంది, కోతలయ్యాక కాదు, మామిడిపళ్లతో.

సంఘం 1955లో నివేదిక ఇచ్చింది. ప్రభుత్వ వాడకానికి ఒకే సౌర పంచాంగం: శక సంవత్సరం, చైత్రం 1 ఎప్పుడూ మార్చి 22, లీపు ఏడాదైతే 21. పండుగల విషయంలో సాహా నెమ్మదిగా పోయాడు. డిసెంబరుకి లాగితే జనం ఒప్పుకోరని తెలుసు. జరిగిన 23 రోజులు జరిగిపోయాయి, ఇకముందు జరగకుండా ఆపుదాం అన్నది సంఘం రాజీ. ఆ సందర్భంలో 1956 మార్చి 21కి 23 డిగ్రీల 15 నిమిషాలుగా ఖాయం చేసిన అంకె నుంచే ఇవాళ్టి ‘లాహిరి’ అయనాంశ వస్తోంది. పార్లమెంటులో ఎవరి మాటకీ తగ్గని మనిషి సంక్రాంతి దగ్గర తగ్గాడు.

1957 మార్చి 22న జాతీయ పంచాంగం అమల్లోకి వచ్చింది. జనవరి 26 అంటే మాఘం 6, ఆగస్టు 15 అంటే శ్రావణం 24. గెజిట్ మీద తప్ప ఎవరికీ గుర్తులేదు. 2023లో మన ఉగాది సరిగ్గా మార్చి 22న పడింది, రెండు చైత్రాలూ ఒకే రోజు మొదలయ్యాయి, ఎవరూ పట్టించుకోలేదు. కలకత్తా నుంచి కేంద్రం వేసే రాష్ట్రీయ పంచాంగం తెలుగులోనూ వస్తుంది. గుళ్లో, కొట్లో, గోడ మీద వేలాడేవి మాత్రం వేరే పంచాంగాలు. పండుగల లెక్కలో జనం సాహా మాట వినలేదు, జాతకాల లెక్కలో మాత్రం ఆయన సంఘం అంకె వాడుతున్నారు. ఢాకాలో ఒక లాయరుగారు నక్షత్రాల మీద నీ పరిశోధన ఏమిటి బాబూ అని అడిగి, చెప్పిన ప్రతి ముక్కకీ ‘ఇందులో కొత్తేముంది, అంతా వేదంలోనే ఉంది’ అన్నాడని సాహా ఒక వ్యాసంలో రాసుకున్నాడు. ఆ మాట ఎక్కడో విన్నట్టుంది అనిపిస్తే తెలుగువాళ్ల తప్పు కాదు.

1956 ఫిబ్రవరి 16న ఢిల్లీలో, రాష్ట్రపతి భవన్‌లో ఉన్న ప్రణాళికా సంఘం ఆఫీసుకి నడిచి వెళ్తూ గుండెపోటుతో పడిపోయాడు. వయసు 62. తనని లోపలికి తీసుకోని ఆఫీసు అది. ఆయన కాలేజీ క్లాస్‌మేట్ జ్ఞానచంద్ర ఘోష్ అప్పటికి అందులో సభ్యుడు.

కలకత్తా నార్త్‌వెస్ట్ ఖాళీ అయింది. ఆ నెలల్లోనే బెంగాల్ ముఖ్యమంత్రి బిధాన్ చంద్ర రాయ్, బెంగాల్‌నీ బీహార్‌నీ కలిపి ఒకే రాష్ట్రం చేద్దామని ప్రతిపాదించి ఉన్నాడు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి మూడేళ్లు కాలేదు, దేశమంతా భాషా రాష్ట్రాల కోసం అడుగుతుంటే అక్కడ రెండు భాషలని కలపాలని చూశారు. సాహా స్థానానికి జరిగిన ఉప ఎన్నిక ఆ ఒక్క ప్రశ్న మీద నడిచింది. విలీనాన్ని వ్యతిరేకిస్తున్న వామపక్షాల అభ్యర్థి మోహిత్ మైత్ర గెలిచాడు, రాయ్ ప్రతిపాదన వెనక్కి తీసుకున్నాడు. నాలుగేళ్లు ఆ సీట్లో కూర్చుని సాహా ప్రభుత్వం చేత ఒక్క నిర్ణయమూ మార్పించలేకపోయాడు. ఆయన లేచి వెళ్లాక, ఆ ఖాళీ సీటు మార్పించింది.